కిండర్‌మన్ పాత్ర: భూతకథలో అపరాధపరిశోధకుని స్థానము

అపరాధపరిశోధక కథకును భూతకథకును సహజవైరము కలదు. ప్రతి కార్యమునకు మనుష్యబుద్ధికి అందెడి కారణమొకటి యుండితీరునని మొదటిది నమ్మును. ఆ నమ్మకమును కదలించుటయే రెండవదాని పని. పరిశోధకుడు గెలిచినచో భూతము కల్లయగును. భూతము నిజమైనచో పరిశోధకుని విద్య వ్యర్థమగును. కావున ఈ రెండు జాతుల కథలను ఒక్కచోట కూర్చిన రచయిత ఎవరినో యొకరిని ఓడింపక తప్పదని పలువురు తలచుదురు.

ఈ అభిప్రాయమును పరీక్షించుటకై అమెరికా దేశపు చలనచిత్రమగు 'ది ఎక్సార్సిస్ట్' నందలి లెఫ్టినెంట్ విలియం కిండర్‌మన్ పాత్రను మేము ఎన్నుకొంటిమి. ఈ పాత్ర 1971లో నవలయందు పుట్టి, 1973లో చిత్రమున ప్రవేశించి, 1983లో మరియొక నవలకు నాయకుడై, 1990లో తిరిగి తెరకెక్కెను. 2000లోను 2016లోను ఆ రెండు చిత్రములకు వేరు సంకలనములు వెలువడినవి. ఇట్లు ప్రధానముగా ఆరు రూపములలో ఈ పాత్ర మనకు దొరకుచున్నది. ఒక ప్రాచీనకావ్యమునకు దొరకిన ప్రతులను పక్కపక్కన నుంచుకొని పాఠభేదములకు కారణములు వెదకుట మన పరిష్కర్తలకు అలవాటైన పనియే. ఆ పద్ధతినే ఇచట అవలంబించితిమి.

మా సిద్ధాంతమును ముందుగనే చెప్పుదుము. ఈ ఆరు రూపముల చరిత్ర, భూతకథను ముగించు అధికారము ఎవరిదను వివాదచరిత్ర: మతగురువుదా, పరిశోధకునిదా? ఈ వివాదమున తేలిన దేమనగా, పరిశోధకుడు భూతమునకు ప్రత్యర్థి కాడు, మృతులకు ప్రతినిధి. భయానకకథలో చనిపోయినవారు భయమునకు సాధనములుగా మిగిలిపోకుండ కాపాడువాడు అతడొక్కడే.

పూర్వచరిత్ర

కిండర్‌మన్‌కు పూర్వము ఈ సంధిస్థలమున రెండు సంప్రదాయము లుండెను. మొదటిది భూతభ్రమను తొలగించు సంప్రదాయము. ఎడ్గార్ ఆలెన్ పో 1841లో ప్రకటించిన ర్యూ మోర్గ్ హత్యల కథలో అమానుషముగా తోచిన ఘోరము తుదకు ఒరాంగుటాన్ చేసిన పనియని తేలును. ఆర్థర్ కోనన్ డాయిల్ 1901-02లో ప్రకటించిన బాస్కర్‌విల్ జాగిలపు నవలయందు నోట నిప్పులు గ్రక్కు పిశాచశునకము భాస్వరము పూసిన మామూలు కుక్కయే. ఇందు భయము మొదటి మెట్టు. వివేకము చివరి మెట్టు.

రెండవది భూతవైద్యుని సంప్రదాయము. షెరిడన్ లె ఫాను 1869లో ప్రవేశపెట్టిన డాక్టర్ హెసీలియస్, బ్రామ్ స్టోకర్ 1897లో సృష్టించిన వాన్ హెల్సింగ్, ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1908లో కల్పించిన జాన్ సైలెన్స్ ఈ కోవకు చెందుదురు. వీరు పరిశోధకులవలె ఆనవాళ్లను కూర్తురు. కాని వీరికి రహస్యవిద్య తోడు. దయ్యమున్నదను ఊహ వీరికి ముందే అంగీకారము. కనుక వీరి పరిశోధన వైద్యుని రోగనిర్ణయము వంటిది.

కిండర్‌మన్ ఈ రెండింటికి చెందడు. అతడు వాషింగ్టన్ నగరపు రక్షకభటశాఖలో హత్యావిభాగమున పనిచేయు ఉద్యోగి. అతనికి రహస్యవిద్య యేదియు లేదు. అతడు క్రైస్తవుడు కాడు, యూదుడు. క్రైస్తవగురువులు చేయు భూతోచ్చాటనమునందు అతనికి పాలు లేదు. అయినను కథ నడచు యింటి గుమ్మమున నిలిచి విడువక ప్రశ్నించుచుండును. ఇది మూడవ మార్గము.

మొదటి నవల, మొదటి చిత్రము

విలియం పీటర్ బ్లాటీ (1928-2017) జార్జిటౌన్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా 1949లో మేరీలాండ్ ప్రాంతపు బాలునకు జరిగిన భూతోచ్చాటనమును గూర్చి వార్తాపత్రికలో చదివెను. ఇరువది యేండ్లకు పైగా ఆ వార్త అతని మనస్సున నిలిచి, 1971లో నవలగా వెలువడెను. నవలలో బాలునికి మారుగా రీగన్ అను బాలిక, ఆమె తల్లియగు నటి క్రిస్ మెక్‌నీల్, విశ్వాసము సడలిన జెస్యూట్ గురువును మానసికవైద్యుడును అగు డేమియన్ కారస్ ప్రధానపాత్రలు. రచయితయే చిత్రానువాదము వ్రాసి నిర్మింపగా, విలియం ఫ్రీడ్కిన్ దర్శకత్వమున చిత్రము 1973 డిసెంబరు 26వ తేదీన విడుదలయ్యెను. పది ఆస్కారు నామనిర్దేశములు పొంది, చిత్రానువాదమునకును శబ్దగ్రహణమునకును బహుమానములు గెలుచుకొనెను.

ఈ కథలో భూతావేశముతోపాటు ఒక హత్య యున్నది. క్రిస్ నటించు చిత్రమునకు దర్శకుడగు బర్క్ డెన్నింగ్స్ ఒక రాత్రి రీగన్ ఉన్న యింట ఒంటరిగా మిగిలి, కొంతసేపటికి ఆ యింటి ప్రక్కనున్న రాతిమెట్ల అడుగున శవమై కనబడును. అతని తల పూర్తిగా వెనుకకు తిరిగియుండును. మెట్లమీదనుండి జారిపడినవానికి ఇట్టిది జరుగుట అరుదు. కిండర్‌మన్ కథలోనికి వచ్చుట ఈ శవము వెంటనే.

డెన్నింగ్స్ త్రాగుబోతు, నోటిదురుసు కలవాడు. అతని మరణమునకు క్రిస్ దుఃఖించును గాని, బిడ్డ వ్యాధి ఆ దుఃఖమును త్వరలోనే మ్రింగివేయును. వైద్యులకు గాని గురువులకు గాని అతని ప్రసక్తి ముఖ్యము కాదు. అతడు ఎట్లు చచ్చెను, ఎవరు చంపిరి అని పనిగట్టుకొని అడిగినవాడు కిండర్‌మన్ ఒక్కడే. ఈ సంగతిని పాఠకులు గమనింప ప్రార్థన.

నవలలో పరిశోధనభాగము విరివిగా నున్నది. చర్చిలో అపవిత్రము చేయబడిన విగ్రహముమీది రంగును, రీగన్ చేసిన బొమ్మమీది రంగును కిండర్‌మన్ పోల్చిచూపించును. ఇంటి సేవకుడగు కార్ల్‌మీద అనుమానముంచి వెంబడించును. కార్ల్ దాచిన రహస్యము హత్య కాదనియు, మత్తుమందులకు బానిసయైన కూతురనియు తెలిసికొని అతనిని అనుమానమునుండి విడుచును. తప్పు జాడను పట్టి, అది తప్పని నిర్ణయించి, వెనుకకు మరలుట పరిశోధకకథలలో ప్రసిద్ధమైన విధానమే. ఫ్రీడ్కిన్ చిత్రమున ఈ ఉపకథ దాదాపు తొలగిపోయినది. కిండర్‌మన్‌కు మిగిలినవి కొలది ఘట్టములు మాత్రమే.

ఆ పాత్రను ధరించినవాడు లీ జె. కాబ్ (1911-1976). ఆర్థర్ మిల్లర్ నాటకమగు 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' 1949లో మొదటిసారి ప్రదర్శింపబడినపుడు విల్లీ లోమన్‌గా నటించినవాడు. 1957 నాటి 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' చిత్రమున చివరివరకు మొండిపట్టు విడువని మూడవ జ్యూరీసభ్యుడును అతడే. ఆ ఉగ్రరూపమునకు ఇచట పూర్తిగా విరుద్ధమైన మందగమనమును, బడలికను, మర్యాదను అతడు చూపెను.

పాత్ర అనవసరమను వాదము

కిండర్‌మన్ కేవలము హాస్యమునకై చొప్పింపబడినవాడనియు, అతనిని తొలగించినను కథకు లోటు లేదనియు కొందరు వాదింపవచ్చును. ఈ వాదమునకు బలమైన ఆధారము కలదు. కారస్ మిత్రుడగు ఫాదర్ డయర్‌తో కిండర్‌మన్ స్నేహము కుదుర్చుకొను చివరి ఘట్టమును దర్శకుడే 1973 చిత్రమునుండి తొలగించెను. చిత్రము డయర్ మెట్లవంక చూచి మరలుటతో ముగిసెను. దర్శకునకే అక్కరలేని పాత్రను విమర్శకుడు నెత్తిన నెత్తుకొనుట యేల?

ఈ ప్రశ్నకు సమాధానము చిత్రపు క్రమముననే యున్నది. కిండర్‌మన్ మొదట పరుగుబాటయొద్ద కారస్‌ను కలసికొని, శవము తల వెనుకకు తిరిగియున్న సంగతి చెప్పును. తరువాత క్రిస్ యింటికి పోయి, కాఫీ త్రాగుచు, ఆ రాత్రి డెన్నింగ్స్ బాలిక గదిలోనికి వెళ్లెనేమో కనుగొనుమని మృదువుగా అడుగును. డెన్నింగ్స్‌ను త్రోసినవాడు మిక్కిలి బలశాలియై యుండవలెనని సూచించును. పోవుచు, తన కుమార్తెకని చెప్పి ఆమె సంతకము కోరి, అది తనకొరకేయని సిగ్గుతో ఒప్పుకొనును. అతడు వెడలిన వెనుకనే రీగన్ తల వెనుకకు తిరిగెడి ఘోరదృశ్యము వచ్చును.

కిండర్‌మన్ మాటలు ముందుగా లేకున్నచో ఈ దృశ్యము వట్టి యింద్రజాలము. అవి ఉండుటవలన ఇది హత్యకు సాక్ష్యము. ప్రేక్షకుడు భయపడుటతోపాటు ఒక నిర్ణయమునకు వచ్చును: డెన్నింగ్స్‌ను చంపిన చేతులు ఈ బాలికవి. పరిశోధకుని తర్కములో దోషమేమియు లేదు. చంపినవాడు ఆ గదిలోనే యుండవలెను, మహాబలశాలియై యుండవలెను, ఆ గదిలో వ్యాధిగ్రస్తయగు పండ్రెండేండ్ల పిల్ల తప్ప ఎవరును లేరు. తర్కము సరిగా నడచి, తర్కమే అంగీకరింపజాలని చోటికి చేరినది. ఓడినది పరిశోధకుని బుద్ధి కాదు. ఆ బుద్ధి కనుగొన్నదానిని వ్రాసికొనుటకు న్యాయస్థానపు కాగితములలో గడి లేదు. ఎవరిని బంధింపవలెను? ఎవరిని శిక్షింపవలెను? చిత్రమున ఎవరును బంధింపబడరు. భూతము వదలినది, బాలిక బ్రతికినది, కారస్ ప్రాణమిచ్చెను. డెన్నింగ్స్‌కు మాత్రము న్యాయము దొరకలేదు. ఈ కొరతను మనకు గుర్తుచేయుటకే కిండర్‌మన్ ఆ గుమ్మమున నిలిచియున్నాడు.

2000లో విడుదలయిన సంకలనమున తొలగించిన ముగింపును తిరిగి చేర్చిరి. కిండర్‌మన్ డయర్‌ను సినిమాకు పిలుచును. ఇరువురును మాటలాడుకొనుచు నడచిపోవుదురు. న్యాయము దొరకనిచోట స్నేహము మిగులుట ఈ పాఠము చెప్పునది. 1983 నవలకు బీజము ఇదియే.

వంశవిచారము

కిండర్‌మన్ నడవడి చూచినవారికి దూరదర్శన ధారావాహికయందలి కొలంబో స్ఫురించుట సహజము. నలిగిన దుస్తులు, అసందర్భపు మాటలు, గుమ్మముదాక పోయి వెనుదిరిగి అడుగు ప్రశ్న ఇరువురకును సమానము. కొలంబో మొదట 1960లో దూరదర్శన నాటకమున కనబడెను. 1968లో పీటర్ ఫాక్ ఆ పాత్రను ధరించెను. ధారావాహిక 1971 సెప్టెంబరులో ఆరంభమయ్యెను. కిండర్‌మన్ నవల అదే సంవత్సరమున వెలువడెను. కాలక్రమమునుబట్టి కొలంబో కిండర్‌మన్‌నుండి పుట్టెననుటకు వీలులేదు.

అయితే వీరిద్దరికిని పూర్వుడొకడు కలడు. దోస్తయేవ్‌స్కీ 1866లో ప్రకటించిన 'నేరము - శిక్ష' నవలయందలి పోర్ఫిరీ పెత్రోవిచ్ అను విచారణాధికారి తనకు తాను పరిహాసాస్పదుడై కనబడుచు, సాక్ష్యము చాలక, నేరస్థుని మనస్సుతోనే సంభాషించును. కొలంబో సృష్టికర్తలగు లెవిన్సన్, లింకులు తమకు మూలము పోర్ఫిరీయని చెప్పియున్నారు. కిండర్‌మన్ విషయమున మేము చెప్పదలచిన సామ్యము బాహ్యవేషమున గాక ఉద్దేశమున నున్నది. పోర్ఫిరీకి నేరస్థుడు దొరకుట చాలదు. అతని ఆత్మ ఏమగునో కూడ కావలెను. కిండర్‌మన్‌కును హంతకుని పేరు చాలదు. చెడుగు ఏల యున్నదో కావలెను.

రెండవ నవల: అంచునుండి నడిమికి

1977లో వచ్చిన రెండవ చిత్రమున కిండర్‌మన్ లేడు. దాని రచనలో బ్లాటీ పాలుపంచుకొనలేదు. అతడు 1983లో 'లీజియన్' అను నవల వ్రాసి పాత పరిశోధకునే నాయకుని చేసెను. ఇందు మొదటి మృతుడు థామస్ కింట్రీ అను నీగ్రోజాతి బాలుడు. తరువాత పాపసంకీర్తనము వినుచున్న గురువొకడు, ఆ తరువాత ఆసుపత్రిలోనున్న డయర్ హతులగుదురు. ఈ హత్యల తీరు, పూర్వమే మరణించిన 'జెమినీ' అను హంతకుని తీరుతో సరిపోవును.

1990 చిత్రమున ఈ కథలోని రెండు పరిశోధనాంశములు మిక్కిలి గమనింపదగినవి. మొదటిది రహస్యసమాచారము. తామే జెమినీయని చెప్పుకొను ఉన్మత్తులను ఏరివేయుటకై పోలీసులు హత్యాచిహ్నములనుగూర్చి పత్రికలకు తప్పుడు వివరములిచ్చి, నిజమైనవి దాచిరి. క్రొత్త హత్యలలో కనబడునవి ఆ దాచిన నిజచిహ్నములే. కావున వీనిని చేసినవాడు పత్రికలు చదివి అనుకరించినవాడు కాడు. రెండవది వేలిముద్రలు. ఒక్కొక్క హత్యాస్థలమున దొరకిన ముద్రలు వేర్వేరు మనుష్యులవి. చేసిన తీరు ఒక్కనిది. చేసిన చేతులు పలువురివి. ఈ ఆధునిక పరిశోధనాశాస్త్రపు సాధనములు రెండును భూతావేశమును ఖండింపకపోగా దానినే నిరూపించుచున్నవి. డాయిల్ నవలలో భాస్వరము భూతమును చంపెను. బ్లాటీ కథలో వేలిముద్ర భూతమునకు సాక్షియయ్యెను. నూరేండ్లలోపల ఆనవాలు పక్షము మారినది.

నవలలో భూతోచ్చాటనము లేదు. తండ్రిపై పగయే హేతువుగా జీవించిన హంతకుని ఆత్మ, ఆ తండ్రి మరణముతో హేతువు పోయి, తానై తొలగును. చివర కిండర్‌మన్ తన సహాయకుడగు అట్కిన్స్‌తో ఒక చిన్న భోజనశాలలో కూర్చుండి, ఈ ప్రపంచమంతయు పతితుడైన దేవదూతయొక్క శకలములేననియు, సృష్టిపరిణామము అతని పునరాగమనమనియు తన ఊహను వివరించును. అది వేదాంతమునకు నిలుచునా లేదా యనునది వేరు ప్రశ్న. బాలుడు థామస్ చావు ఎందులకు జరిగెనను ప్రశ్నను పరిశోధకుడు విడువలేదనుట ముఖ్యము.

1990 చిత్రము, రెండు ముగింపులు

బ్లాటీ తానే దర్శకుడై ఈ నవలను తెరకెక్కించెను. కాబ్ కీర్తిశేషుడగుటచే జార్జి సి. స్కాట్ (1927-1999) కిండర్‌మన్‌గా నటించెను. కాబ్ పాత్రలోని సౌమ్యత ఇందు సన్నగిల్లి కోపము మిగిలినది. స్నానపుతొట్టిలో అత్తగారు ఉంచిన చేపవలన ఇల్లు చేరలేకున్నానని డయర్‌తో మొరపెట్టుకొను హాస్యఘట్టము పాత కిండర్‌మన్‌ను గుర్తుచేయును. కారస్ మరణదినమున ఒకరినొకరు ఓదార్చుకొనుటకై ఆ ఇద్దరును కలసి సినిమా చూచుట 2000 సంకలనమున మరల చేరిన స్నేహమునకు కొనసాగింపు.

చిత్రము పూర్తియైన పిమ్మట నిర్మాణసంస్థయగు మోర్గన్ క్రీక్ వారు పేరులో 'ఎక్సార్సిస్ట్' ఉండగా భూతోచ్చాటనము లేకుండుట పొసగదని పట్టుపట్టిరి. ఫాదర్ మార్నింగ్ అను క్రొత్త గురువును చేర్చి, ముగింపును తిరిగి చిత్రీకరించిరి. కారస్‌గా పూర్వము నటించిన జేసన్ మిల్లర్‌ను కూడ రప్పించిరి. ఇట్లు పరిశోధకుని కథలోనికి గురువు చివరినిమిషమున వచ్చి చేరెను.

2016లో వెలువడిన దర్శకుని సంకలనమున పోయిన దృశ్యములను పాత వీడియోటేపునుండి గ్రహించి మొదటి ముగింపును పునరుద్ధరించిరి. అందు కిండర్‌మన్ ఒంటరిగా ఆ గదిలో ప్రవేశించి రోగిని కాల్చివేయును. గురువు లేడు, మంత్రము లేదు.

రెండు పాఠములను పోల్చినపుడు మాకు తోచినది ఇది. నిర్మాతల పాఠము కథాసంవిధానమునకు భంగకరమని ఒప్పుకొందుము. అయినను అందుకూడ గురువు తనంతట కథను ముగింపలేకపోయెను. కారస్ ఒక క్షణము మేల్కొనగా చివరి గుండు పేల్చినవాడు కిండర్‌మన్‌యే. అంతకుముందు గోడకు నొక్కబడియుండి, తాను నమ్మునది ఏమో అతడు ఏకరువు పెట్టును: మరణము, వ్యాధి, అన్యాయము మొదలైనవి. ఇది గురువుల విశ్వాసప్రకటనకు మారురూపము. సాక్షి ఇచ్చు వాఙ్మూలమువంటిది. తన ఉద్యోగమున చూచినదానినే అతడు చెప్పెను. దర్శకుని పాఠమున ఈ అధికారము నిస్సందేహముగ పరిశోధకునిదే. కాని అక్కడ అతడు చట్టమును విడిచి హంతకుడగుచున్నాడు. నేరమును నిర్ధారించుట, శిక్ష విధించుట, అమలుజరుపుట మూడును ఒక్కచేతిలోనికి వచ్చినవి. 1973లో గడి లేని కాగితమునకు 1990లో అతడు తుపాకితో సంతకము చేసెను. దీనిని విజయమనుటకు మాకు మనసొప్పదు.

తుదిమాట

అలన్ పార్కర్ దర్శకత్వమున 1987లో వచ్చిన 'ఏంజెల్ హార్ట్' చిత్రమున పరిశోధకుడు ఎవనికొరకు వెదకునో ఆ నేరస్థుడు తానేయని తుదకు గ్రహించును. భూతకథలో పరిశోధకునికి పట్టగల గతులలో అది యొకటి: వెదకువాడు వెదకబడువానిలో లీనమగుట. కిండర్‌మన్ గతి వేరు. అతడు బయటనే నిలిచెను. నిలిచి, మృతుల పేర్లు మరువలేదు.

భయానకకథల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా భూతమును, మంత్రవేత్తను, భూతగ్రస్తను ముగ్గురిని మాత్రమే లెక్కింతురు. నాలుగవ వారున్నారు. వారు మెట్లక్రింద పడియున్నవారు. వారి పక్షమున ప్రశ్నించువాడు కథలో ఉన్నాడా లేడా యని ఇట్టి రచనలను పరిశీలించు విద్యార్థులు మొదట చూడవలెనని మా మనవి. ఆ ప్రశ్నించువాడు గెలువకపోవచ్చును. కాని అతడు లేని కథలో భయము మాత్రము మిగులును. అతడున్న కథలో భయముతోపాటు బాధ్యత మిగులును.